ఇల్లు చవకే... మెరక ఎంత?

విజయవాడ పాయకాపురంలో ఇల్లు చూడ్డానికి వెళ్తే, రేటు సంగతి తర్వాత, ముందు నేను అడిగే మాట ఒకటుంది. "మీ ఫ్రిజ్ ఎప్పుడు కొన్నారండీ?"

ఇల్లు అమ్మేవాళ్లు "ఇక్కడిదాకా నీళ్లు రాలేదమ్మా" అని ఎంత తొణక్కుండా చెప్పినా, ఫ్రిజ్ విషయంలో అబద్ధమాడాలని వాళ్లకి తోచదు. "మొన్న 2024 దసరాకి" అన్నారంటే నాకు కావలసింది తెలిసిపోయినట్టే. వాషింగ్ మిషనూ అప్పుడే, మంచాలూ అప్పుడే, నీళ్ల మోటారూ అప్పుడే అంటే ఆ ఇల్లు ఎంతమేర మునిగిందో గోడ చూడకుండా చెప్పొచ్చు.

మేం ఆ పక్కనే అజిత్‌సింగ్‌నగర్‌లో మేడమీద పోర్షన్‌లో అద్దెకుంటున్నాం. నేను గవర్నర్‌పేటలో పైపులూ శానిటరీ సామానూ అమ్మే షాపులో లెక్కలు రాస్తాను. మావారికి ఆటోనగర్లో లేత్ పని. ఇంట్లో షుగరున్న అత్తగారు, ఇంటర్ చదివే బాబు. సొంతిల్లు అనుకోవడం ఎప్పట్నుంచో ఉంది గానీ, మా అందుబాటులోకి వచ్చే ఇళ్లు అమ్మకానికి కనబడ్డం మొదలైంది 2024 సెప్టెంబరు వరద తర్వాతే. పటమటలోనో పోరంకిలోనో 50 లక్షలు దాటిపోయిన డబుల్ బెడ్‌రూం ఫ్లాటు, అదే కొలతలతో మా వైపు 32 చెప్తారు. గట్టిగా అడిగితే 30కి దిగుతారు.

షాపులో నాతో పనిచేసే అమ్మాయి, పటమటలో సొంతిల్లున్నది, "తెలిసీ తెలిసీ అక్కడెందుకు కొంటారక్కా?" అంటుంది. ఆ అమ్మాయికి నేను నా జీతమూ, మావారి జీతమూ కలిపి చూపిస్తే ఇంకోసారి అడగదు. 24 లక్షలు ఇరవై ఏళ్లకి ఎనిమిదిన్నర శాతం వడ్డీ మీద తీసుకుంటే నెలకి దాదాపు 20,800 కట్టాలి. ఇప్పుడు కడుతున్న అద్దె 9,000. ఈ తేడాకే మా నడుం వంగిపోతుంది. 50 లక్షల ఇల్లు మాకు ముంపు లేని ఇల్లు అవదు, అసలు ఇల్లే అవదు. కాబట్టి మా ముందున్న లెక్క మెరకా పల్లమా అన్నది కాదు. పల్లంలో ఎంత పల్లం అన్నది.

ఈ పల్లం సంగతి అర్థం కావాలంటే బుడమేరు నడక తెలియాలి. మైలవరం వైపు కొండల్లో పుట్టి వచ్చే వాగు అది. వెలగలేరు దగ్గర దానికి రెగ్యులేటరుంది. వచ్చిన నీటిని అక్కడ డైవర్షన్ కాలువలోకి మళ్లించి, ఇబ్రహీంపట్నం దగ్గర, అంటే ప్రకాశం బ్యారేజీకి ఎగువన, కృష్ణలో కలుపుతారు. కాలువ మోయలేనిది పాత దారిన ఊళ్లోకి వచ్చి, మా పేటల పక్కగా, ఎనికేపాడు మీదుగా కొల్లేటికి పోవాలి. మామూలు రోజుల్లో ఈ ఏర్పాటు బాగానే పనిచేస్తుంది. చిక్కెక్కడంటే, కృష్ణే నిండుగా పారుతుంటే కాలువ తెచ్చిన నీళ్లని నది తీసుకోదు. 2024 సెప్టెంబరు మొదట్లో అదే అయింది. ఎగువన వాగులు పొంగాయి, దిగువన బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు పోతున్నాయి. బ్యారేజీ కట్టాక అంత నీరు ఎన్నడూ వదల్లేదు. వెలగలేరు గేట్లెత్తారు. కొండపల్లి వైపు డైవర్షన్ కాలువ ఎడమ గట్టుకి మూడుచోట్ల గండ్లు పడ్డాయి. సెప్టెంబరు 1, ఆదివారం పొద్దున్న కళ్లు తెరిచేసరికి మా వీధి లేదు. గండ్లు పూడ్చడానికి సైన్యం కూడా దిగాల్సి వచ్చింది. వారం పట్టింది.

మా పుట్టిల్లు కైకలూరు వైపు కొల్లేటి లంక. బుడమేరు చివరికి వచ్చి చేరేది మా దగ్గరికే. అక్కడ ఇల్లు కట్టాలంటే ముందు మట్టి తోలి దిబ్బ లేపుతారు, ఆ తర్వాతే పునాది మాట. "ఎన్ని గదులు?" అని అడిగే ముందు "ఎంత మెరక చేశారు?" అని అడగడం మా నాన్నకి అలవాటు. ఇక్కడ ఊళ్లో ఇల్లు చూపించే బ్రోకరు మాత్రం టైల్సు చూపిస్తాడు, మాడ్యులర్ కిచెన్ చూపిస్తాడు, దేవుడి గది తూర్పుకుందంటాడు. వాస్తు చూసినంత శ్రద్ధగా ఎవరూ వాలు చూడరు.

పేరు విని ఏరియాని నిర్ణయించుకోవడం కూడా పనికిరాదు. కృష్ణలంక అంటే ఒకప్పుడు వరదకి మారుపేరు. బ్యారేజీకి దిగువన, నది ఒడ్డున, కాస్త ఎక్కువ నీళ్లొదిలితే ఇళ్లలోకి వచ్చేవి. విడతలవారీగా కాంక్రీటు రిటైనింగ్ వాల్ కట్టారు. చరిత్రలోనే పెద్ద వరద గోడ పక్కనుంచి పోతుంటే 2024లో కృష్ణలంక నిలబడింది, నదికి అంత దూరాన ఉన్న సింగ్‌నగర్ మునిగింది. పోనీ కొండమీద కొందామా అంటే, అదే వానకి మొగల్రాజపురంలో కొండచరియలు విరిగి ఇళ్లమీద పడి ప్రాణాలు పోయాయి. ఈ ఊళ్లో ప్రతి చవక ఇంటికీ ఏదో ఒక కారణం ఉంటుంది. ఆ కారణం ఏమిటో, దాని కొలత ఎంతో మనం తెలుసుకోవాలి, అంతే.

కొలత అన్నానుగా, దానికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. మేస్త్రీల దగ్గర లెవెల్ పైపు ఉంటుంది. సన్నటి ప్లాస్టిక్ పైపులో నీళ్లు నింపి రెండు కొసలూ రెండుచోట్ల పట్టుకుంటే, రెండువైపులా నీళ్లు ఒకే మట్టానికి వచ్చి ఆగుతాయి. మా షాపుకి వచ్చే మేస్త్రీ బాబాయిగారిని బతిమాలి తీసుకెళ్లాను. వరద నీళ్లు నిలిచిన గీత ఆ వీధిలో ఎక్కడైనా ఒకచోట చెదరకుండా ఉంటుంది. అమ్మే ఇంటి గోడలకి రంగులేస్తారు కాబట్టి అక్కడ వెతక్కూడదు. రంగు వెయ్యని చోట్లు చూడాలి. మెట్ల కింద గోడ, మీటరు పెట్టె లోపల, ప్రహరీకి వెనక వైపు, కోవెల గోడ, స్కూలు కాంపౌండు, ఇనుప గేటు మీద తుప్పు మొదలైన ఎత్తు. దొరికిన గీతకి పైపు ఒక కొస పెట్టి, రెండో కొస మనం కొనాలనుకున్న ఇంటి గుమ్మం దగ్గర పెట్టాలి.

అలా చూస్తే, మాకు బాగా నచ్చిన రెండు సెంట్ల ఇండిపెండెంట్ ఇంటి గచ్చు ఆ గీతకి నాలుగడుగుల పైన దిగువన ఉందని తేలింది. 42 లక్షలు చెప్పారు. పెరట్లో జామచెట్టుంది, అత్తగారి కళ్లు దానిమీదే. ముప్పై ఏళ్ల కిందట కట్టినప్పుడు ఆ ఇల్లు రోడ్డుకి మూడడుగుల ఎత్తున ఉండేదట. ఇప్పుడు వీధిలోంచి ఒక మెట్టు దిగి లోపలికెళ్లాలి. ఇల్లేమీ కుంగిపోలేదు. సిమెంటు రోడ్డు వేసినప్పుడల్లా పాతదాని మీదే వేసి రోడ్డుని మెరక చేశారు, ఇల్లు పల్లమైంది. ఇలాంటి ఇళ్లకి వరదే రానక్కర్లేదు, గంటసేపు గట్టి వాన పడితే మురిక్కాలవ నీళ్లు వరండాలోకి వస్తాయి. జాకీలు పెట్టి ఇల్లు మొత్తాన్ని పైకి లేపేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు, చదరపు అడుగు లెక్కన తీసుకుంటారు. కానీ పాత ఇటుక గోడలు తట్టుకుంటాయో లేదో ఇంజినీరు చూసి చెప్పాలి. లేపాక గచ్చులు, డ్రైనేజీ పైపులు, మెట్లు అన్నీ మళ్లీ చేయించుకోవాలి. ఆ ఖర్చు కూడా ఇంటి ధరలో కలిపి చూడమని మేస్త్రీ బాబాయి చెప్పాడు. కలిపితే 42 లక్షల ఇల్లు చవకగా కనబడ్డం మానేసింది.

"అమ్మా, వందేళ్లకోసారి వచ్చే వరద వచ్చేసింది, ఇక మీ జన్మలో రాదు" అంటాడు బ్రోకరు. అతను ఇలా ఎంతమందికి చెప్పాడో గానీ, లెక్కలు రాసే నా దగ్గర ఆ మాట చెల్లలేదు. వందేళ్ల వరద అంటే వందేళ్లకి ఒకసారే వచ్చి మళ్లీ వందేళ్లు సెలవు తీసుకునేది కాదు. ఏ ఏడాదికా ఏడాది రావడానికి నూటికి ఒక వంతు అవకాశం ఉన్నది అని అర్థం. పోయినేడాది వచ్చిందా లేదా అన్నదానితో దానికి సంబంధం లేదు. ఏడాదికి నూటికి ఒక వంతే అయినా, ఇరవై ఏళ్ల లోను కట్టేలోపు కనీసం ఒక్కసారి రావడానికి నూటికి పద్దెనిమిది వంతుల అవకాశం ఉంటుంది. అదే ఇరవై ఏళ్ల వరద అయితే, నూటికి అరవై నాలుగు. బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచడం 2024లో కొత్తగా జరిగింది కాదు, 2005లోనూ ముంచింది. రెంటికీ మధ్య పంతొమ్మిదేళ్లు. 2005లో ఇరవై ఏళ్లకి లోను తీసుకుని ఇల్లు కొన్నవాళ్లు ఆఖరి వాయిదాలు కడుతుండగా రెండో వరద చూశారు.

సరే, వరదొచ్చింది అనుకుందాం, ఖర్చెంత? మా కింద ఉన్న ఓనరు వాళ్ల లెక్క నా చేతుల మీదుగానే రాశాను, నష్టపరిహారం కోసం. ఫ్రిజ్, వాషింగ్ మిషను, రెండు మంచాలు, పరుపులు, ఉబ్బిపోయిన ప్లైవుడ్ బీరువాలు, వంటింటి అరలు, గోడల్లో వైరింగు, మోటారు, బండి ఇంజను, నడుమెత్తు దాకా ఊడగొట్టి మళ్లీ చేయించిన ప్లాస్టరింగు, రెండు తలుపులు. మొత్తం నాలుగు లక్షలు దాటింది. ప్రభుత్వం మునిగిన కింది ఇళ్లకి 25,000, పై అంతస్తులకి 10,000, బైకులకి 3,000 ఇచ్చింది. ఫైరింజన్లు తెచ్చి ఇళ్లలో బురద కడిగించింది, అది నిజంగా మేలు చేసింది. కానీ నాలుగు లక్షలకి 25,000 ఎక్కడ ఆనుతుంది? పైగా కొత్తగా వేసిన ప్లాస్టరింగు మీద కూడా ఆర్నెల్లకల్లా ఉప్పు పట్టింది.

ఇక్కడొక సంగతి దాచకూడదు. ఇరవై ఏళ్లలో ఒక వరద, నాలుగు లక్షలు. పోనీ రెండు వరదలు, ఎనిమిది లక్షలు. పటమట ఫ్లాటుకీ మా వైపు ఫ్లాటుకీ తేడా 20 లక్షలు. కాగితం మీద చూస్తే ముంపు ఏరియాలో కొనడమే లాభం. నేను ఈ లెక్క ఎన్నోసార్లు వేశాను, ప్రతిసారీ అలాగే వచ్చింది. కాగితం మీద లేనిదేమిటంటే, నాలుగు లక్షలు ఇరవై ఏళ్లకి పంచుకుని రావు, ఒక్క ఆదివారం నాడు వస్తాయి. ఆ నెల ఈఎంఐ ఆగదు. ఆటోనగర్ షెడ్డుకి వెళ్లలేని రోజులకి కూలి రాదు. ఆ డబ్బు చేతిలో లేనివాడు మూడు రూపాయల వడ్డీకి తెస్తాడు, అక్కణ్నుంచి ఇల్లు అతని చేతిలోంచి జారడం మొదలవుతుంది. ఇప్పుడు అమ్మకానికి వచ్చిన ఇళ్లలో కొన్ని అలా వచ్చినవే. అందుకని మేం ఒక నియమం పెట్టుకున్నాం. ఏ ఇల్లయినా, అది మునిగితే అయ్యే ఖర్చు బ్యాంకులో విడిగా ఉన్నప్పుడే కొనాలి. కింది ఇల్లయితే ధర మీద నాలుగు లక్షలు కలుపుకోవాలి, పై ఇల్లయితే లక్ష.

పై ఇంటికి లక్ష ఎందుకూ అంటారా? ఇంట్లోకి నీళ్లు రాకపోవడం వేరు, ఇంట్లోంచి మనం బయటికి రాగలగడం వేరు. మేడమీద మాకు ఒక్క చాప కూడా తడవలేదు. కానీ కరెంటు లేదు, సంపులోకి మురుగు చేరింది, మోటారు మునిగింది, ఫోన్లు ఆగిపోయాయి. అత్తగారి ఇన్సులిన్ ఫ్రిజ్‌లో వేడెక్కిపోయింది. పడవ వచ్చి ఆవిణ్ని సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దాకా చేర్చేసరికి మావారి మొహంలో నెత్తురు చుక్క లేదు. కాబట్టి అపార్టుమెంట్లో కొనేటప్పుడు "కింద పార్కింగే కదా, మనకేం" అని ఊరుకోకూడదు. మీటర్ బోర్డు ఎక్కడుంది, మోటారు ఎక్కడుంది, జనరేటరుంటే ఏ ఎత్తున ఉంది అని చూడాలి. 2024 తర్వాత కొన్ని అపార్టుమెంట్ల వాళ్లు చందాలేసుకుని మీటర్లు మెట్ల మలుపులోకి, ఒక అంతస్తు పైకి మార్పించుకున్నారు. అలాంటి అసోసియేషన్ ఉందంటే ఆ ఫ్లాటుకి లక్ష ఎక్కువిచ్చినా తప్పు లేదంటాను. మునిగిన బోర్డుని తుడిచి మళ్లీ అక్కడే బిగించుకున్న వాళ్లతో ఇరవై ఏళ్లు కాపురం చెయ్యడం కష్టం.

కాగితాల సంగతికొస్తే, ఈసీలో, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో, ఎవరు ఎవరికి అమ్మారో, ఎక్కడ తాకట్టు పెట్టారో ఉంటుంది. నీళ్లొచ్చాయని ఉండదు. బ్యాంకు లాయరు లింకు డాక్యుమెంట్లు చూస్తాడు, వాల్యుయేషన్ ఇంజినీరు కొలతలు చూస్తాడు, వరద గీత వాళ్ల ఫారంలో లేదు. ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని లోపం ఏదైనా తనకి తెలిసి ఉంటే అమ్మేవాడు చెప్పి తీరాలి. కానీ పేపర్లన్నీ రాసిన వరద గురించి "నాకు తెలియదు, దాచిపెట్టారు" అని కోర్టులో నిలబడ్డం కుదిరే పనికాదు. కనుక్కోవలసింది మనమే. హైదరాబాదులో ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) వాళ్లు ఉపగ్రహం తీసిన ముంపు పటాలు భువన్ సైట్లో పెడతారు. మా బాబు ఫోన్లో తీసి చూపించాడు. పేట మొత్తం నీలంగా కనబడుతుంది, ఏ ఇంటి గుమ్మం ఎంత మునిగిందో మాత్రం దాంట్లో తెలీదు. దానికి లెవెల్ పైపే దిక్కు.

మరీ చవకగా, 14 లక్షలకే ఇల్లుంది అంటే నేను రెండో మాట వినను. బుడమేరు కట్ట పక్కన, స్టాంపు కాగితం మీద నోటరీ చేయించి అమ్మే ఇళ్లు అవి. రిజిస్ట్రేషన్ ఉండదు, బ్యాంకు లోనివ్వదు. సర్వే నంబరు 22ఏ రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలో ఉందేమో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చూసుకుంటే తెలుస్తుంది. బుడమేరు ఆక్రమణలు తీసేస్తామని ప్రభుత్వం ప్రకటించింది, ఎప్పుడు మొదలైనా ముందు పడేవి కట్ట మీది ఇళ్లే. హైదరాబాదులో మా ఆడపడుచుది ఇదే బెంగ. అక్కడ చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక చెరువు ఎఫ్‌టీఎల్ (నిండినప్పటి నీటి హద్దు) ఎక్కడిదాకా, దాని చుట్టూ వదలాల్సిన బఫర్ ఎక్కడిదాకా అని అడగనిదే ఎవరూ అడ్వాన్సు ఇవ్వడం లేదట. పది హెక్టార్లు, అంతకు పైబడిన చెరువైతే ముప్పై మీటర్లు, చిన్నదైతే తొమ్మిది మీటర్లు వదలాలి. నీళ్లకి మునిగిన ఇల్లు కడుక్కుంటే మనదే అవుతుంది. ఇలాంటిచోట కూల్చేస్తే స్థలం కూడా మిగలదు.

ఇన్సూరెన్సు గురించి మా వీధిలో అడిగితే చాలామంది "లోనుతోపాటు బ్యాంకు వాళ్లు చేశారు" అన్నారు. తీసి చూస్తే కొందరికి ఉన్నది లోను తీసుకున్న మనిషి పోతే అప్పు తీర్చే పాలసీ. ఇంటికి కాదు. ఇంటికోసం 2021 ఏప్రిల్ నుంచి జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలు 'భారత్ గృహ రక్ష' అని ఒకే రకం పాలసీ ఇస్తున్నాయి. వరద, ముంపు అందులో ఉన్నాయి. కట్టడం విలువలో ఇరవై శాతం, పది లక్షలు మించకుండా, ఇంట్లో సామానుకీ దానంతటదే వర్తిస్తుంది. ఇల్లు ఉండడానికి పనికిరాకపోతే వేరేచోట అద్దెకీ ఇస్తుంది. ఇక్కడ కట్టడం విలువ అంటే మళ్లీ కట్టడానికయ్యే ఖర్చు, స్థలం ధర కలవదు, అందుకని ప్రీమియం భయపడేంత ఉండదు. అద్దెకున్నవాళ్లు సామాను వరకే చేయించుకోవచ్చు, మేం చేయించుకున్నాం. బంగారం మాత్రం విడిగా రాయించుకోవాలి.

ఇన్ని చూశాక మాకు మిగిలింది పాయకాపురంలో ఒక ఫస్ట్ ఫ్లోర్ ఫ్లాటు. కింద పార్కింగు, ఫ్లాటు గచ్చు వరద గీతకి బాగా పైన. వీధి చివర్నుంచి ఫ్లైఓవర్ వైపు రోడ్డు మెరకగానే ఉంది. అన్‌డివైడెడ్ షేరు, అంటే స్థలంలో మన వాటా, 28 గజాలు, అది తక్కువే. మీటర్లూ మోటారూ మాత్రం ఇంకా కిందే. 30కి ఒప్పుకున్న ఓనరుకి నేను 28న్నర చెప్పాను. రిజిస్ట్రేషన్‌కి ఎటూ ఏడున్నర శాతం మేమే పెట్టుకోవాలి. బ్రోకరుకి కోపమొచ్చింది. "వరద పేరు చెప్పి ఇంకెంత తగ్గిస్తారు మేడం?" అన్నాడు. రేపు నేను అమ్మేటప్పుడు నా దగ్గరా ఆ పేరు చెప్పే తగ్గిస్తారు కదా అన్నాను.

ఓనరు హైదరాబాదులో ఉంటాడు, దసరాలోపు చెప్తానన్నాడు. ఈలోగా అసోసియేషన్ మీటింగు పెట్టించమని, మీటర్లూ మోటారూ పైకి మార్చడానికి ఫ్లాటుకి ఎంత పడుతుందో ఎలక్ట్రీషియన్ చేత రాయించి, అందరిచేతా సంతకాలు పెట్టించి తెమ్మని చెప్పాను. ఆ కాగితం వస్తే అడ్వాన్సు ఇస్తాం. రాకపోతే ఈ తొమ్మిది వేలు కడుతూ ఇంకో ఇల్లు చూస్తాం.